మూసివేత అమ్మకాలు – వినియోగదారుల రక్షణ

ఆషాఢమాసం వచ్చిందంటే తెలుగునాట పట్టణాల్లోని వస్త్రదుకాణాల ముందు తగ్గింపు ధరల బోర్డులు వెలుస్తాయి. ఆ నెలలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు వంటి శుభకార్యాలు జరగవు. బేరాలు మందగిస్తాయి. శ్రావణమాసానికి కొత్త సరుకు దిగేలోగా పాత నిల్వ కదలాలి. అందుకే వర్తకుడు ధర తగ్గిస్తాడు. ఇందులో దాపరికమేమీ లేదు. అమ్మేవారికీ, కొనేవారికీ సంగతి తెలిసినదే. అవే వీధుల్లో అప్పుడప్పుడు మరొక రకం బోర్డు కనిపిస్తుంది: "దుకాణం మూసివేస్తున్నాము. ఉన్న సరుకంతా సగం ధరకే. కొద్దిరోజులు మాత్రమే." పైకి చూస్తే ఇదీ ఒక తగ్గింపు ప్రకటనే. కాని ఈ రెండింటి మధ్య ఒక ముఖ్యమైన భేదమున్నది. మొదటి బోర్డు ధరను గురించి చెబుతుంది. రెండవది దుకాణం భవిష్యత్తును గురించి చెబుతుంది. ధర నిజమో కాదో పక్క దుకాణంలో విచారించి తెలుసుకోవచ్చు. వర్తకుడు నిజంగా వ్యాపారం మానుకొంటున్నాడో లేదో తెలుసుకొనే మార్గం కొనుగోలుదారుకు లేదు. అది వర్తకుడి మనసులోని మాట.

అయినా ఆ మాటను జనం సులభంగా నమ్ముతారు. అందుకు కారణం ఉన్నది. ఊరకే ధర తగ్గించానంటే ఎవరైనా సందేహిస్తారు. సరుకులో లోపమేమైనా ఉన్నదేమోనని తిరగేసి చూస్తారు. వ్యాపారం మూతపడుతున్నదంటే ఆ సందేహానికి తావుండదు. ధర ఎందుకు తగ్గిందో కారణం ఎదుటనే ఉన్నది కదా! పైగా ఎదుటివాని కష్టం మీద కొంత జాలి, తనకు దక్కబోయే లాభం మీద కొంత ఆశ, రెండూ కలిసి మనిషిని తొందరపెడతాయి. మామూలు రోజుల్లో చీర నచ్చకపోతే రేపు వద్దామనుకోవచ్చు. ఈ బోర్డు ముందు నిలబడినవానికి 'రేపు' అన్నది లేదు. నాలుగు దుకాణాలు తిరిగి ధర పోల్చుకొనే అలవాటు సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది.

ఇలాంటి ప్రకటనలన్నీ అబద్ధాలని చెప్పడం న్యాయం కాదు. నిజంగానే మూతపడే దుకాణాలు ప్రతి ఊరిలోనూ ఉంటాయి. అద్దె గడువు ముగిసి యజమాని ఖాళీ చేయమనవచ్చు. రోడ్డు విస్తరణలో ముందుభాగం కూలిపోవచ్చు. తండ్రి నడిపిన కొట్టును పై చదువులు చదివిన పిల్లలు నడపలేమనవచ్చు. నష్టాలు పెరిగి అప్పులు తీర్చలేక వర్తకుడు ఐ.పి. పెట్టవలసి రావచ్చు. కారణమేదైనా అప్పటివరకు కొన్న సరుకు మిగిలిపోతుంది. నిల్వ ఉంచితే గోదాముకు అద్దె, అప్పు మీద వడ్డీ, సరుకుకు తరుగు. అందువల్ల అసలు ధర రాకపోయినా అమ్ముకోవడమే మేలు. ఈ అమ్మకం వల్ల వర్తకుడికి చేతిలో సొమ్ము పడుతుంది, బాకీదారులకు కొంతైనా ముడుతుంది, కొనేవారికి సరుకు చవకగా దొరుకుతుంది. మూసివేత అమ్మకం స్వతహాగా ఉపయోగకరమైన ఏర్పాటే. దానికి ఉన్న విశ్వసనీయత వల్లనే దానిని అనుకరించడం కూడా లాభసాటి అయింది.

అనుకరణ పలు రూపాలలో సాగుతుంది. 'కొద్దిరోజులే' అన్న బోర్డు ఏడాది గడిచినా దిగదు; మూసివేతే ఆ దుకాణానికి శాశ్వత వ్యాపారమవుతుంది. న్యూయార్కు నగరంలో పర్యాటకులు తిరిగే వీధుల్లో ఏళ్ళ తరబడి వేలాడిన ఇటువంటి బోర్డులు జనానికి పరిహాస విషయమయ్యాయి. కొన్నిచోట్ల దుకాణం నిజంగానే మూతపడుతుంది. కాని మూసే లోపల అమ్మే సరుకు ఆ దుకాణానిది కాదు. నాసిరకం వస్తువులను ఈ అమ్మకం కోసమే తెప్పించి, పాత సరుకులో కలిపి పెడతారు. జనం కొనేది మంచి పేరున్న దుకాణపు సరుకని అనుకొని. చేతికి వచ్చేది మరొకటి. ఇంకొన్నిచోట్ల దుకాణమే ఉండదు. ఎక్కడో ఫ్యాక్టరీ మూతపడిందనీ, అక్కడి బట్టలు వచ్చాయనీ ఆటోలో మైకు కట్టి ఊరంతా ప్రచారం చేస్తారు. ఒక ఫంక్షన్ హాలును నాలుగైదు రోజులకు అద్దెకు తీసుకొని అమ్మకం సాగిస్తారు. వారంలోగా హాలు ఖాళీ అవుతుంది. ఆ ఫ్యాక్టరీ ఏదో, ఎక్కడ ఉండేదో కొన్నవారికి చివరి వరకు తెలియదు.

ధర విషయంలో జరిగే మోసం మరింత సూక్ష్మమైనది. ఒక చీర మామూలుగా 1,200 రూపాయలకు అమ్ముడవుతున్నదనుకోవాలి. అమ్మకానికి ముందు దాని మీద 2,400 రూపాయల చీటీ అంటించి, దానిపై సగం తగ్గింపు ప్రకటిస్తే కొనేవాడు చెల్లించేది 1,200 రూపాయలే. తగ్గింపు 50 శాతమన్న మాట లెక్క ప్రకారం తప్పు కాదు. లాభం మాత్రం సున్న. ఇక్కడ అసత్యం తగ్గింపులో లేదు, తగ్గించడానికి ఆధారంగా తీసుకొన్న ధరలో ఉన్నది. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1964లో ప్రకటించిన మార్గదర్శకాలు ఈ కీలకాన్నే పట్టుకొన్నాయి. పాత ధరతో పోల్చి తగ్గింపు చెప్పాలంటే ఆ పాత ధరకు వస్తువును తగినంత కాలం, క్రమం తప్పకుండా, చిత్తశుద్ధితో ప్రజలకు అమ్మకానికి ఉంచి ఉండాలన్నది వాటి సారం. మన దేశంలో ప్యాకెట్లపై ముద్రించే గరిష్ఠ చిల్లర ధర ఈ సందర్భంలో కొనుగోలుదారును కాపాడలేదు. అంతకు మించి అమ్మరాదని మాత్రమే ఆ అంకె చెబుతుంది. సాధారణంగా ఎంతకు అమ్ముతున్నారో చెప్పదు.

మూసివేత నిజమే అయినా, ధర నిజంగా తగ్గినా, కొనుగోలుదారుకు ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. ఈ విషయం సాధారణంగా చర్చకు రాదు గాని అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ప్రతి వీధిలోనూ వర్తకులు న్యాయంగా వ్యవహరించడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. రేపు ఇదే మనిషి మళ్ళీ కొట్టుకు రావాలన్న ఆశ అంతకంటె బలమైన కారణం. ఖాతా బేరం పోకూడదని కొసరు వేస్తాడు, చిరిగిన బట్ట మార్చి ఇస్తాడు, పాడైన మిక్సీని కంపెనీకి పంపి బాగు చేయిస్తాడు. దుకాణం మూసేవాడికి రేపటి బేరం లేదు. పేరు పోతుందన్న భయమూ లేదు. సరిగ్గా ఆ సమయంలోనే కొనుగోలుదారు తన జాగ్రత్తను వదులుకొంటున్నాడు. ఇరువైపులా అదుపు తప్పిన ఈ కొద్దిరోజుల వ్యవధిలో చట్టం జోక్యం చేసుకోవలసి రావడానికి కారణమిదే.

ముందుగా సొమ్ము చెల్లించి ఉన్నవారి పరిస్థితి మరీ కష్టం. అమెరికాలో షార్పర్ ఇమేజ్ అనే విక్రయసంస్థ 2008 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరినప్పుడు, తాను అంతకు మునుపు అమ్మిన బహుమతి కార్డులను అంగీకరించడం ఆపివేసింది. మార్చి నెలలో మళ్ళీ అనుమతించింది గాని, కార్డు విలువకు రెట్టింపు సొమ్ము పెట్టి సరుకు కొంటేనే చెల్లుతుందన్నది. తమ సొమ్మును తాము వాడుకోవడానికి జనం మరికొంత సొమ్ము తేవలసి వచ్చింది. 2023 ఏప్రిల్ 23న దివాలా పిటిషన్ దాఖలు చేసిన బెడ్ బాత్ అండ్ బియాండ్ సంస్థ తన ప్రసిద్ధమైన తగ్గింపు కూపన్లను ఆ నెల 26 నుండి నిలిపివేసి, బహుమతి కార్డులకు మే 8 వరకు గడువు ఇచ్చింది. ఇంట్లో బీరువాలో దాచుకొన్న కార్డు సంగతి ఆ రెండు వారాల్లో గుర్తుకు రానివారి సొమ్ము చిక్కుబడింది. మన ఊళ్ళలో బహుమతి కార్డుల వాడకం తక్కువే. కాని నెలనెలా కొంత సొమ్ము కట్టించుకొని ఏడాది చివర నగ ఇచ్చే పథకాలు కద్దు. 'బోర్డు తిప్పేయడం' అన్న మాట తెలుగులో పుట్టింది ఇలాంటి అనుభవాల నుండే. పూర్వం దివాలా తీసిన వర్తకుడు పట్టపగలు దుకాణంలో దీపం వెలిగించి ఉంచేవాడనీ, 'దివాలా' అన్న పదానికి అదే మూలమనీ ఒక జనశ్రుతి ఉన్నది. నిజమైనా కాకపోయినా ఆ దీపం బాకీదారులకు ముందస్తు హెచ్చరిక. బోర్డు తిప్పేసేవాడు ఆ మర్యాదను కూడా పాటించడు.

మూసివేత అమ్మకాలను ప్రత్యేకంగా పరిగణించి శాసనం చేసిన దేశాలలో జర్మనీ ఒకటి. అక్కడ 1909లో వచ్చిన అనుచిత పోటీ నిరోధక చట్టం, సరుకు ఖాళీ చేసే అమ్మకాన్ని ప్రకటించేవారు ఆ ప్రకటనలోనే కారణం చెప్పాలని నిర్దేశించింది. ఆ అమ్మకం కోసమని కొత్త సరుకు తెచ్చి కలపడాన్ని నేరంగా పరిగణించి జైలుశిక్షకు కూడా వీలు కల్పించింది. బట్టల దుకాణానికి జైలుశిక్ష ఏమిటని నేడు అనిపించవచ్చు. ఆ చట్టాన్ని కోరినది ప్రధానంగా కొనుగోలుదారులు కాదు, సాటి వర్తకులన్నది గమనిస్తే ఆ కాఠిన్యం అర్థమవుతుంది. పక్కవాడు దొంగ మూసివేత ప్రకటిస్తే ముందుగా బేరం పోయేది నిజాయితీగా కొట్టు నడుపుకొనేవానికే.

కాలక్రమంలో ఆ నిబంధనలు మరింత వివరంగా తయారయ్యాయి. 1986 సవరణ తరువాత వ్యాపారం పూర్తిగా మానుకొనేవారు గరిష్ఠంగా 24 పనిదినాలు మాత్రమే అమ్మకం జరపాలి. ముందుగా వర్తకమండలికి తెలియజేసి సరుకు జాబితా సమర్పించాలి. అమ్మకం ముగిసిన తరువాత అదే ఊరిలో గాని, పొరుగు ఊళ్ళలో గాని రెండేళ్ళు గడవనిదే అదే రకం వ్యాపారం మొదలుపెట్టరాదు. ఈ చివరి నిబంధన ఎంతో తెలివైనది. వర్తకుడి మనసులో ఏమున్నదో వెదికే పని లేకుండా, అతడు చెప్పిన మాటకు అతనినే కట్టివేస్తుంది. మూస్తానన్నావు కనుక మూయి. రెండేళ్ళ దాకా తెరవకు.

అయితే అదే చట్టం సాధారణ తగ్గింపులను కూడా బిగించివేసింది. వేసవిలో, శీతకాలంలో నిర్ణీత దినాలలో తప్ప దుకాణమంతటా ధరలు తగ్గించడానికి వీలుండేది కాదు. 2002 జనవరిలో యూరో నోట్లు, నాణేలు చలామణిలోకి వచ్చిన తొలి దినాలలో సి అండ్ ఎ అనే వస్త్రవిక్రయసంస్థ కార్డుతో చెల్లించేవారికి 20 శాతం తగ్గిస్తామని ప్రకటించింది. న్యాయస్థానం దానిని నిలిపివేసింది. ధర తగ్గించినందుకు శిక్షా అని ప్రజలు ఆశ్చర్యపోయారు. ఎవరిని కాపాడడానికి పుట్టిన చట్టం ఎవరికి అడ్డు వస్తున్నదన్న ప్రశ్న బలపడింది. 2004 జులైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో అమ్మకాల తేదీలు, 24 దినాల పరిమితి, రెండేళ్ళ నిషేధం అన్నీ తొలగిపోయాయి. తప్పుదోవ పట్టించే ప్రకటన మాత్రం నేరమన్న సూత్రం మిగిలింది.

ఫ్రాన్సు ఆ దారిన పోలేదు. అక్కడ 'లిక్విడేషన్' అన్న మాటను దుకాణం ముందు వ్రాయాలంటే ముందుగా అధికారులకు తెలియజేయాలి. సరుకు జాబితా జతపరచాలి. అమ్మకం రెండు నెలలకు మించరాదు. జాబితాలో లేని వస్తువు ఒక్కటి కూడా అమ్మరాదు. ఏ కారణం చెప్పి అమ్మకం మొదలుపెట్టారో ఆ కారణం ఆరు నెలలలోగా నిజం కాకపోతే అందుకు సంజాయిషీ చెప్పుకోవాలి. ఉల్లంఘిస్తే 15,000 యూరోల వరకు జరిమానా. అమెరికాలో కూడా పలు రాష్ట్రాలలో లైసెన్సు, సరుకు జాబితా, కాలపరిమితి, కొత్త సరుకుపై నిషేధం ఇంచుమించు ఇదే పద్ధతిలో ఉన్నాయి.

ఇన్ని దేశాల చట్టాలలోనూ ఆ జాబితా మళ్ళీమళ్ళీ కనిపించడం యాదృచ్ఛికం కాదు. మూసివేత నిజమైతే సరుకు తరగాలి. జాబితాలో 600 చీరలుంటే పదిరోజుల తరువాత 600 కంటె తక్కువ ఉండాలి. 700 ఉంటే ఇక విచారణతో పనిలేదు. వర్తకుడి ఉద్దేశాన్ని సాక్ష్యాలతో నిరూపించడం కష్టం. చీరలు లెక్కించడం తేలిక.

ఐరోపా సమాజం 2005లో జారీ చేసిన అనుచిత వాణిజ్య పద్ధతుల ఆదేశం మరొక మార్గం చూపింది. ఏ పరిస్థితిలోనైనా అనుచితమే అనదగిన 31 పద్ధతులను అందులో జాబితాగా చేర్చారు. వ్యాపారం మూసివేయడం గాని, స్థలం మారడం గాని లేకుండానే అలా చేయబోతున్నట్లు ప్రకటించడం వాటిలో 15వది. బ్రిటన్ 2008లో ఈ జాబితాను తన నిబంధనలలో చేర్చుకొన్నది. ఐరోపా సమాఖ్య నుండి వైదొలగిన తరువాత 2024లో చేసిన కొత్త చట్టంలో కూడా ఈ నిషేధాన్ని నిలుపుకొన్నది.

ముందస్తు అనుమతి మేలా, అబద్ధం బయటపడ్డాక శిక్ష మేలా అన్న వివాదం ఆస్ట్రియాలో ఒక చిన్న దుకాణం వల్ల ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఇన్స్‌బ్రుక్ పట్టణంలో ఒక వర్తకుడు తన దుకాణంలోని సరుకంతా ఖాళీ చేస్తున్నానని పత్రికలోను, దుకాణం వెలుపల బోర్డులపైన ప్రకటించాడు. 90 శాతం వరకు తగ్గింపు అన్నాడు. అప్పటి ఆస్ట్రియా చట్టం ప్రకారం ఇందుకు జిల్లా అధికారుల అనుమతి కావలసి ఉండేది. అతడు తీసుకోలేదు. అనుచిత పోటీని ఎదుర్కొనే ఒక సంఘం దావా వేసింది. 2013 జనవరి 17న తీర్పు వచ్చింది. ఆ ప్రకటన అనుచితమో కాదో పరిశీలించకుండా, కేవలం అనుమతి లేదన్న కారణంతోనే దానిని నిషేధించడం చెల్లదని న్యాయస్థానం నిర్ణయించింది. కాగితం లేకపోవడం వేరు, అబద్ధమాడడం వేరు అన్నది ఆ తీర్పు సారం. తర్కరీత్యా ఇది సబబే. కాని ప్రకటన అనుచితమా కాదా అని విచారణ జరిగి తీర్పు వెలువడే వేళకు దుకాణంలో సరుకు మిగులుతుందా అన్న సందేహం మాత్రం తీరదు.

భారతదేశంలో మూసివేత అమ్మకాల కోసం ఇటువంటి ప్రత్యేక కేంద్ర శాసనం లేదు. అంతమాత్రాన కొనుగోలుదారు నిరాధారుడు కాడు. గుత్తాధిపత్య, నిర్బంధ వ్యాపార పద్ధతుల చట్టానికి 1984లో చేసిన సవరణలో 'అనుచిత వ్యాపార పద్ధతి' అన్న భావన ప్రవేశించింది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దానిని స్వీకరించింది. 2020 జులై నుండి అమలులో ఉన్న 2019 చట్టంలో కూడా అది కొనసాగుతున్నది. ఒక వస్తువును చవక ధరకు అమ్ముతామని ప్రకటించి, సమంజసమైన కాలం పాటు, సమంజసమైన పరిమాణంలో ఆ ధరకు అమ్మే ఉద్దేశం లేకపోవడం అనుచిత పద్ధతి. ఒక వస్తువు మామూలుగా ఏ ధరకు అమ్ముడవుతున్నదో ఆ విషయంలో ప్రజలను తప్పుదోవ పట్టించడమూ అంతే. పైన చెప్పిన 2,400 రూపాయల చీటీ ఈ నిర్వచనం పరిధిలోకి వస్తుంది.

2019 చట్టం మరి రెండు అంశాలను స్పష్టంగా చేర్చింది. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో వ్రాసిన గడువులోగా, గడువు వ్రాయకపోతే 30 రోజులలోగా, వెనుకకు తీసుకొని సొమ్ము ఇవ్వడానికి నిరాకరించడమూ అనుచిత పద్ధతే. మూసివేత అమ్మకాలలో 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న మాట గోడ మీద తప్పక కనిపిస్తుంది. రంగు నచ్చలేదని తెచ్చినవారికి ఆ మాట వర్తించవచ్చు గాని, లోపమున్న సరుకును అంటగట్టడానికి అది రక్షణ కాదు.

తప్పుదోవ పట్టించే ప్రకటనలపై చర్య తీసుకోవడానికి 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. అది 10 లక్షల రూపాయల వరకు, తప్పు పునరావృతమైతే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. 2022 జూన్‌లో ఆ సంస్థ వెలువరించిన మార్గదర్శకాలు ఎర చూపే ప్రకటనలను ప్రత్యేకంగా ప్రస్తావించాయి. 2023 నవంబరులో వచ్చిన మరికొన్ని మార్గదర్శకాలు అంతర్జాల విక్రయవేదికలపై సాగే 13 రకాల మోసపు ఎత్తుగడలను పేర్కొన్నాయి. వాటిలో మొట్టమొదటిది 'మిథ్యా తొందర'. ఇంక రెండే మిగిలాయి, పది నిమిషాలే గడువు అని అబద్ధమాడి కొనిపించడం. వీధిలోని 'మూసివేత' బోర్డుకు తెర మీది రూపమిది. సాధనం మారింది గాని ఎత్తుగడ పాతదే.

నష్టపోయినవారు సొమ్ము చెల్లించిన విలువ 50 లక్షల రూపాయల వరకైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఆ విలువ 5 లక్షలకు మించకపోతే రుసుము లేదు. ఫిర్యాదుకు రెండేళ్ళ గడువు ఉన్నది. పాత చట్టం ప్రకారం వర్తకుడు ఉన్నచోటనో, వ్యవహారం జరిగినచోటనో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే చేయవచ్చు. పరాయి ఊరిలో కొని వచ్చినవారికి ఈ మార్పు చాలా మేలు చేసింది. సలహా కోసం 1915 అన్న సంఖ్యకు ఫోను చేయవచ్చు.

అయినా ఫిర్యాదులో ఎదుటిపక్షం పేరు, చిరునామా వ్రాయాలి. ఫంక్షన్ హాలులో నాలుగు రోజులు అమ్మి వెళ్ళినవాని చిరునామా ఏమిటి? 400 రూపాయల చొక్కా మొదటి ఉతుకుకే రంగు వెలిసిందని ఎవరు కమిషన్ మెట్లెక్కుతారు? నష్టం ఒక్కొక్కరికి చిన్నది, మొత్తం కలిస్తే పెద్దది. ఇటువంటి సందర్భాల కోసమే ఒక వర్గంగా వినియోగదారుల హక్కులకు భంగం కలిగినప్పుడు విచారణ జరిపి నివేదిక పంపే అధికారాన్ని చట్టం జిల్లా కలెక్టరుకు ఇచ్చింది. అయితే ఆ విచారణ కూడా అమ్మకం ముగిశాకనే మొదలవుతుంది. విచారణాధికారి వచ్చేసరికి ఆ హాలులో పెళ్ళి జరుగుతూ ఉంటుంది.

మన దేశంలో మూసివేత వివరాలు అడిగే చట్టాలు అసలు లేవా అంటే, ఉన్నాయి. దుకాణం మూసినవారు ఆ సంగతిని కార్మికశాఖకు తెలపాలి. వస్తుసేవల పన్ను కింద నమోదైన వర్తకుడు వ్యాపారం మానుకొంటే 30 రోజులలోగా నమోదు రద్దుకు దరఖాస్తు చేసి, మిగిలిన సరుకు వివరాలు ఇవ్వాలి; దానిపై తాను పొందిన పన్ను జమకు లెక్క చెప్పాలి. అంటే ఫ్రాన్సులో కొనుగోలుదారు కోసం అడిగే జాబితాకు దగ్గరి వివరాలను ఇక్కడ ఖజానా కోసం అడుగుతున్నారు. తేడా ఒక్కటే. అక్కడ అది అమ్మకానికి ముందు చేరుతుంది, ఇక్కడ కొట్టుకు తాళం పడ్డాక చేరుతుంది. ఏ తేదీన మూస్తున్నారో, ఎంత సరుకు ఉన్నదో, గ్యారంటీలకు ఆ తరువాత ఎవరు జవాబుదారో అన్న మూడు వివరాలను మూసివేత బోర్డు మీదనే వ్రాయాలని నిర్దేశిస్తే వర్తకుడికి అదనపు ఖర్చేమీ ఉండదు. నిజంగా మూసేవానికి ఆ వివరాలు వ్రాయడం కష్టమూ కాదు. జర్మనీలో వలె తగ్గింపులను బంధించవలసిన పని లేదు. ఆస్ట్రియాలో వలె అనుమతి కోసం కార్యాలయాల చుట్టూ తిప్పవలసిన పనీ లేదు.

అటువంటి నిబంధన వచ్చేలోగా పన్ను నిబంధనలే కొనుగోలుదారుకు కొంత అక్కరకు వస్తాయి. పరాయి రాష్ట్రం నుండి వచ్చి తాత్కాలికంగా సరుకు అమ్మేవారు సాధారణంగా వ్యాపారం మొదలుపెట్టడానికి కనీసం ఐదు రోజుల ముందే నమోదుకు దరఖాస్తు చేసుకోవాలి. ఆ నమోదు 90 రోజుల వరకు చెల్లుతుంది. నమోదైన ప్రతి వర్తకుడు తన నమోదు పత్రాన్ని వ్యాపారస్థలంలో అందరికీ కనిపించేచోట ఉంచాలి. పదిహేను అక్షరాంకెల ఆ సంఖ్యను ప్రవేశద్వారం దగ్గరి బోర్డుపై ప్రదర్శించాలి. దానిలో మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. సంఖ్యను అధికారిక వెబ్‌సైట్‌లో చూస్తే వర్తకుడి పేరు, నమోదైన తేదీ, ఆ నమోదు ఇంకా అమలులో ఉన్నదా లేదా అన్న వివరాలు కనిపిస్తాయి. 'ముప్పై ఏళ్ళ ఫ్యాక్టరీ మూసివేత' అని మైకులో వినిపించిన హాలు గుమ్మం దగ్గర ఆ సంఖ్య ఉన్నదో లేదో, ఉంటే నమోదు తేదీ ఏమిటో చూడడానికి చేతిలోని ఫోను చాలు.